యూటా, ఆరిజోనా ఎడారి ట్రిప్ కి ముందు ఏం చదివితే బాగుంటుంది?

మేఘమాల:

అందరికీ నమస్తే. అక్టోబర్ లో యూటా, ఆరిజోనా వైపు రోడ్ ట్రిప్ వేస్తున్నాం, నేను, మావారు, తొమ్మిదేళ్ల పాప. లాస్ వేగస్ లో దిగి కారు తీసుకుని జయాన్, బ్రైస్ నేషనల్ పార్కులు, అక్కణ్ణుంచి పేజ్ (లేక్ పావెల్, ఆంటిలోప్ కాన్యన్), తర్వాత మాన్యుమెంట్ వ్యాలీ, ఆఖర్న మోయాబ్ లో ఆర్చెస్ చూసుకుని సాల్ట్ లేక్ సిటీ నుంచి రిటర్న్. హోటళ్లు, టికెట్లు అన్నీ ఆయన చూసుకుంటున్నారు కాబట్టి నాకు ఆ టెన్షన్ లేదు. నా గోలల్లా పుస్తకాల గురించే. ఏ ఊరెళ్లినా ముందు దాని గురించి ఏదో ఒకటి చదివి వెళ్లకపోతే నాకు ఫోటోలు దిగి వచ్చేసినట్టే ఉంటుంది.

ఎడారి పుస్తకాలు అని వెతికితే సహారా, అరేబియా, ఒంటెలు, సాధువులు అన్నీ కలిపేసి ఇంత పొడుగు లిస్టులు వస్తున్నాయి, వాటిల్లో మేం వెళ్లే చోటుకి పనికొచ్చేవి ఏవో తెలియట్లేదు. గైడ్ బుక్ వద్దు, అది ఆయన దగ్గర ఉంది. రాళ్లు రప్పల గురించి నాకు ఓనమాలు కూడా రావు కాబట్టి మరీ పాఠంలా ఉంటే నిద్రొస్తుంది. మావారు డిటెక్టివ్ నవల తప్ప ఇంకోటి ముట్టరు, అది కూడా కారులో ఆడియో అయితేనే. పాపకి బొమ్మలుండాలి. నెలన్నర టైముంది గానీ ఆఫీసు, ఇల్లు పోను రాత్రిపూట ఓ గంట చదవగలను, అంటే రెండు, మహా అయితే మూడు పుస్తకాలు.

అందరూ ఎడ్వర్డ్ ఆబీ రాసిన 'డెజర్ట్ సాలిటేర్' అంటున్నారు. అది నిజంగానే అంత బాగుంటుందా, లేక అందరూ అంటున్నారు కాబట్టి అందరూ అంటున్నారా?

—

బండరాయి:

బాగుంటుందండి, డౌటే వద్దు. మీరు ఆర్చెస్ వెళ్తున్నారు, ఆయన అక్కడే సీజనల్ రేంజర్ గా పని చేశాడు, 1956, 57 ల్లో, అప్పటికి అది నేషనల్ పార్క్ కూడా కాదు, నేషనల్ మాన్యుమెంట్, 1971లో పార్క్ అయింది. పుస్తకం 1968లో వచ్చింది. రెండు సీజన్లని ఒకే సీజన్ లాగా కుట్టేశాడు, ఏప్రిల్ లో వచ్చి చేరడంతో మొదలై సెప్టెంబర్ లో వదిలి వెళ్లడంతో అయిపోతుంది. మొదటి నుంచి చివరి దాకా వరసగా చదవక్కర్లేదు, ఏ చాప్టర్ కి ఆ చాప్టర్ విడిగా చదువుకోవచ్చు, మీలాగా రాత్రి గంట చదివేవాళ్లకి అది ప్లస్.

పాముల చాప్టర్ తో మొదలుపెట్టండి. ఆయన ఉండే ట్రెయిలర్ గుమ్మం కింద ఒక రాటిల్‌స్నేక్, అంటే గిలక్కాయ తోక ఉండే విషప్పాము, తిష్ట వేస్తుంది. రేంజర్ కదా, చంపకూడదు అని ఆయన రూలు. పార పెట్టి తోసేస్తాడు, మళ్లీ వస్తుంది. ఆఖరికి గోఫర్ స్నేక్ అని విషం లేని పాముని పట్టుకొచ్చి ట్రెయిలర్ లోనే పెంచుతాడు, అది ఉంటే ఆ రెండోది దగ్గరికి రాదని. చొక్కా లోపల నడుం చుట్టూ వేసుకుని డ్యూటీకి కూడా తీసుకెళ్తాడు టూరిస్టుల ముందుకి. నేను ఆ పేజీలు ఇంట్లో అందరికీ చదివి వినిపించా.

ఇంకో చాప్టర్ లో కార్లని పార్కుల్లోకి రానివ్వద్దు, సైకిళ్లో గుర్రాలో బస్సులో పెట్టండి అని పేజీలకి పేజీలు తిడతాడు. చదువుతుంటే అతి అనిపిస్తుంది గానీ మీరు జయాన్ వెళ్లినప్పుడు చూడండి, సీజన్ లో లోయ లోపలికి సొంత కార్లు రానివ్వరు, 2000 నుంచి షటిల్ బస్సులే. బస్సులో కూర్చుని ఆ చాప్టర్ గుర్తు చేసుకుంటే మజా ఉంటుంది.

—

నీలాటిరేవు:

బండరాయి గారితో సగమే ఏకీభవిస్తా. ఆబీ వాక్యం బాగా రాస్తాడు, కాదనను. కానీ ఆ పుస్తకం ఒక్కటే చదివి వెళ్తే ఎడారి అంటే ఖాళీ స్థలం, అందులో ఒక మగాడు, ఆయన కోపం, అంతే అనిపిస్తుంది. ఒకచోట ఊరికే ప్రయోగం అని కుందేలుని రాయెత్తి కొట్టి చంపి, ఆ తర్వాత తేలిగ్గా అయింది ప్రాణం అన్నట్టు రాస్తాడు, నాకు అక్కడ పుస్తకం మూసెయ్యాలనిపించింది. అక్కడ వేల ఏళ్లుగా బతుకుతున్న మనుషులు ఆయనకి పెద్దగా కనపడరు, కనపడ్డ చోట రాసింది ఇవాళ చదివితే ఇబ్బందిగా ఉంటుంది.

మీకు రెండు మూడు పుస్తకాలకే టైముందంటున్నారు కాబట్టి నా ఓటు నీళ్ల గురించిన పుస్తకానికి. ఎడారికి వెళ్తూ నీళ్ల పుస్తకమేంటి అనుకోవద్దు. మీరు చూడబోయేవన్నీ, జయాన్ లోయ, ఆంటిలోప్ కాన్యన్ ఆ వంకర గోడలు, పేజ్ దగ్గర గుర్రపు నాడా ఆకారంలో తిరిగే నది, అన్నీ నీళ్లు కోసినవే. క్రెయిగ్ చైల్డ్స్ అని ఒకాయన 'ది సీక్రెట్ నాలెడ్జ్ ఆఫ్ వాటర్' రాశాడు, 2000లో వచ్చింది. ఎడారిలో మనిషి పోయేది దాహంతోనో మునిగిపోయో అన్నదే పుస్తకం మొత్తానికి పునాది. మొదటి భాగమంతా రాతి గుంటల్లో నిలిచే వాన నీళ్లు వెతుక్కుంటూ తిరగడం, ఆరిజోనా దక్షిణాన కబేసా ప్రియెటా అనే చోట ఆ గుంటల్ని ఒక్కొక్కటీ మ్యాపులో గుర్తు పెట్టే పని చేశాడాయన. ఆ గుంటల్లో చిన్న చిన్న రొయ్యల్లాంటి జీవులుంటాయి, నీళ్లెండిపోతే వాటి గుడ్లు దుమ్ములో ఏళ్ల తరబడి అలాగే పడుంటాయి, మళ్లీ వాన పడగానే పొదిగి, గుంట ఎండే లోపల పెరిగి గుడ్లు పెట్టి పోతాయి. ఇది చదివాక మీరు మోయాబ్ లో రాతి మీద ఎండిన గుంట కనిపిస్తే అందులో కాలు పెట్టరు, పాపని కూడా పెట్టనివ్వరు.

చివరి భాగం వరదలు. ఇది సరదాకి చెప్పట్లేదు, 1997 ఆగస్టు 12న లోయర్ ఆంటిలోప్ కాన్యన్ లో 11 మంది టూరిస్టులు కొట్టుకుపోయి చనిపోయారు, వాళ్లున్న చోట వాన దాదాపు లేదు, మైళ్ల దూరంలో ఎగువన పడింది. 2015 సెప్టెంబర్ లో జయాన్ లోని కీహోల్ కాన్యన్ లో ఏడుగురు పోయారు అలాగే. నేల గట్టి రాయి కదా, పడ్డ చినుకు ఇంకే దారి లేదు, అంతా ఒకే సందులోకి వచ్చి పడుతుంది. వానాకాలం అక్కడ జులై నుంచి సెప్టెంబర్ మధ్య ఎక్కువ, అక్టోబర్ లో తగ్గుతుంది గానీ అసలుండదని కాదు. గైడ్ ఇవాళ లోపలికి వద్దు అంటే డబ్బులు పోయాయని గొడవ పెట్టుకోకుండా మావారు కూడా నోరు మూసుకునేలా చేసిన పుస్తకం ఇది.

—

రాతిపొర:

మేఘమాల గారూ, రాళ్ల ఓనమాలు రావన్నారు కదా, మీ రూట్ కి ఒక్క విషయం తెలిస్తే చాలు, సగం ట్రిప్ అర్థమైపోతుంది. గ్రాండ్ కాన్యన్ లో అన్నిటికన్నా పైన ఉండే పొర జయాన్ కి వచ్చేసరికి అడుగున ఉంటుంది. జయాన్ లో పైన ఉండే పొరలు బ్రైస్ దగ్గర అడుగున. అంటే మీరు జయాన్ నుంచి బ్రైస్ కి కారెక్కితే కోట్ల ఏళ్లు మెట్లెక్కుతున్నట్టు, దీన్ని గ్రాండ్ స్టెయిర్‌కేస్ అంటారు. అన్నట్టు ఎత్తు కూడా నిజంగానే పెరుగుతుంది, బ్రైస్ అంచు 8000 అడుగుల పైన, అక్టోబర్ రాత్రి వణికిస్తుంది, ఎడారే కదా అని జాకెట్లు మానేయకండి. రాత్రి నీళ్లు పగుళ్లలో గడ్డకట్టి పగలు కరిగి, మళ్లీ గడ్డకట్టి, అలా రాతిని చీలుస్తూ పోతేనే బ్రైస్ లో మీరు చూసే ఆ రాతి స్తంభాలు తయారయ్యాయి.

రెండోది నవాహో శాండ్‌స్టోన్ అనే పేరు గుర్తు పెట్టుకోండి. జయాన్ లో ఆ పెద్ద పెద్ద గోడలు అదే రాయి, ఆంటిలోప్ కాన్యన్ అదే, పేజ్ దగ్గర ఆ నాడా వంపు, హార్స్‌షూ బెండ్ కూడా అదే. డైనోసార్ల కాలంలో ఇసుక తిన్నెలుండేవి అక్కడ, ఇప్పటి సహారా లాంటి పెద్ద ఎడారి, ఆ తిన్నెలే గట్టిపడి రాయయ్యాయి. జయాన్ తూర్పు గేటు వైపు వెళ్తుంటే చెకర్‌బోర్డ్ మేసా అని ఒక గుట్ట వస్తుంది, కారాపి దగ్గరికెళ్లి చూడండి, రాతి మీద ఏటవాలు గీతలు ఒక దిక్కుకి పోయి, ఒకచోట తెగి, దాని మీద ఇంకో దిక్కుకి పోతుంటాయి. ఒక్కో గీతల గుంపు ఒక్కో ఇసుక తిన్నె, గాలి ఎటు నుంచి వీచిందో అందులో ఉంది. మీరు ఎడారి చూడ్డానికి వెళ్లి ఎడారి లోపల ఇంకో పాత ఎడారి చూస్తారు.

పుస్తకం అంటే జాన్ మెక్‌ఫీ 'బేసిన్ అండ్ రేంజ్' (1981) గొప్పగా ఉంటుంది గానీ అది ఎక్కువగా నెవాడా వైపు, మీ రూట్ కాదు, పైగా కొంచెం కుదురుగా చదవాలి. మీకు 'రోడ్‌సైడ్ జియాలజీ ఆఫ్ యూటా' సరిపోతుంది. అది హైవే నంబర్ ప్రకారం రాసిన పుస్తకం. ఇంట్లో కూర్చుని చదివితే బోరు, ఖచ్చితంగా. ముందు సీట్లో కూర్చుని ఆ రోడ్డు మీద పోతున్నప్పుడు ఆ రెండు పేజీలు పైకి చదవండి, అప్పుడు కిటికీలోంచి కనిపిస్తుంటుంది కదా. మీ మూడు పుస్తకాల కోటాలో ఇది లెక్కలోకి రాదు.

—

రాత్రిబండి:

మీవారి సమస్య నాకొదిలెయ్యండి 😄 టోనీ హిల్లర్‌మన్. నవాహో (అక్కడి ఆదివాసీ తెగ) ట్రైబల్ పోలీస్ డిటెక్టివ్ నవలలు, జో లీప్‌హార్న్, జిమ్ చీ అని ఇద్దరు పోలీసులు, లీప్‌హార్న్ పెద్దాయన, దేన్నీ నమ్మడు, చీ కుర్రాడు, ఒకపక్క పోలీసు ఉద్యోగం చేస్తూ ఇంకోపక్క వాళ్ల సంప్రదాయ వైద్యం పాటలు నేర్చుకుంటుంటాడు. మొదటి నవల 1970లో వచ్చింది గానీ అక్కణ్ణుంచి మొదలెట్టక్కర్లేదు, 'స్కిన్‌వాకర్స్' (1986)లో ఇద్దరూ మొదటిసారి కలుస్తారు, దాని తర్వాత 'ఎ థీఫ్ ఆఫ్ టైమ్' (1988), పాత కుండలు తవ్వి దొంగతనంగా అమ్ముకునేవాళ్ల కథ. ఆడియో దొరుకుతుంది, పేజ్ నుంచి మాన్యుమెంట్ వ్యాలీ, అక్కణ్ణుంచి మోయాబ్ వెళ్లేటప్పుడు పెట్టండి, కిటికీ బయట ఏం కనిపిస్తుందో అదే చెవిలో వినిపిస్తుంది, దుమ్ము రోడ్డు, దూరంగా మేఘం, ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య గంట ప్రయాణం. పాప వెనక సీట్లో ఉంటుంది కాబట్టి హత్యలుంటాయని గుర్తుంచుకోండి.

నీలాటిరేవు గారు అక్కడి మనుషుల గురించి అన్నారు, అది పాయింటే. హిల్లర్‌మన్ నవాహో కాదు, బయటివాడే, అయినా వాళ్లే 1987లో పిలిచి తమ మిత్రుడని అవార్డిచ్చారు. కానీ వాళ్ల మాట వాళ్ల నోటే వినాలంటే చెస్టర్ నెజ్ 'కోడ్ టాకర్' వినండి, 2011లో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో నవాహో భాషతో రహస్య కోడ్ తయారుచేసిన మొదటి 29 మందిలో ఆయన ఒకడు, ఆ 29 మందిలో ఆత్మకథ రాసింది ఈయనే. యుద్ధం సగమే, మిగతా సగం చిన్నప్పుడు గొర్రెలు కాయడం, స్కూల్లో నవాహో మాట్లాడితే శిక్షించడం, 1930ల్లో గవర్నమెంటు వాళ్లొచ్చి మేత చాలట్లేదని మందల్ని చంపెయ్యడం. ఏ భాష మాట్లాడితే సబ్బుతో నోరు కడిగారో అదే భాష కావాల్సొచ్చింది తర్వాత. మాన్యుమెంట్ వ్యాలీలో గొర్రెల మంద రోడ్డు దాటుతుంటే ఊరికే ఫోటో తీసేవాళ్లు ఇది విన్నాక కాసేపు చూస్తారు.

అన్నట్టు ఇది పుస్తకాల్లో ఉండదు కాబట్టి చెప్తున్నా, ఆరిజోనా వాళ్లు సమ్మర్ లో గడియారం మార్చరు, నవాహో నేషన్ (నవాహోల సొంత పాలన ఉన్న ప్రాంతం, మాన్యుమెంట్ వ్యాలీ అందులోనే) మారుస్తుంది. అక్టోబర్ లో పేజ్ లో తొమ్మిదైతే మాన్యుమెంట్ వ్యాలీలో పది. మీ ఫోన్ టవర్ని బట్టి అటూ ఇటూ గెంతుతుంటుంది. ఆంటిలోప్ టూర్ ఏ టైమో బుకింగ్ లో మళ్లీ చూసుకోమనండి మీవారిని.

—

ఊరికేచూస్తా:

ఏమీ చదవకుండా వెళ్లండి. మొదటిసారి చూసేటప్పుడు వేరేవాళ్ల మాటలు బుర్రలో తిరగకూడదు. వచ్చాక చదువుకోవచ్చు.

—

బండరాయి:

@ఊరికేచూస్తా ఆవిడ అడిగిందే ఏం చదవాలని బాస్

@నీలాటిరేవు కుందేలు సంగతి ఒప్పుకుంటా, అక్కడ ఆయన్ని వెనకేసుకు రాను. కానీ అందులో ఒక పొడుగు చాప్టర్ ఉంది, గ్లెన్ కాన్యన్ లో చిన్న రబ్బరు పడవల మీద స్నేహితుడితో కిందికి వెళ్లడం, డ్యామ్ కట్టి ముంచేసే ముందు. లేక్ పావెల్ కి వెళ్తున్నవాళ్లు అదొక్కటైనా చదవకపోతే ఎలా, ఆ నీళ్ల కింద ఏముందో అందులోనే కదా ఉంది.

—

నీలాటిరేవు:

ఆ చాప్టర్ వరకు ఓకే, నేనూ అదే చెప్పేదాన్ని. గ్లెన్ కాన్యన్ డ్యామ్ గేట్లు 1963లో మూశారు, అదే ఏడాది ఎలియట్ పోర్టర్ తీసిన ఫోటోలతో 'ది ప్లేస్ నో వన్ న్యూ' అని పెద్ద పుస్తకం వచ్చింది, మునిగిపోతున్న లోయ ఫోటోలు, నాచు పట్టిన గోడలు, సందుల్లో చెట్లు, కలర్ లో. లైబ్రరీలో దొరికితే పాపతో కూర్చుని తిప్పండి, చదవాల్సింది తక్కువ.

ఇంకా కావాలంటే ఆ కొలరాడో నది మొత్తం ఎలా పంచుకున్నారు, ఎందుకు తేడా కొట్టింది అన్నది మార్క్ రైస్నర్ 'క్యాడిలాక్ డెజర్ట్' (1986). లావు పుస్తకం, మీ నెలన్నరలో అవదు, వద్దు. ఒక్క ముక్క చెప్తా, 1922లో రాష్ట్రాలు కొలరాడో నది నీళ్లు పంచుకున్నప్పుడు లెక్కకి తీసుకున్న సంవత్సరాలు మామూలు కన్నా బాగా వానలు పడ్డవి, అంటే నదిలో లేని నీళ్లు కూడా కాగితం మీద పంచేసుకున్నారు. లేక్ పావెల్ గోడల మీద తెల్లటి పట్టీ కనిపిస్తుంది, నీళ్లు ఒకప్పుడు అక్కడిదాకా ఉండేవి, దిగిపోయాక ఖనిజం మిగిలింది. పడవెక్కితే మీ తలకన్నా ఎంతో పైన ఉంటుంది ఆ గీత.

—

మేఘమాల:

అబ్బ, ఇంత మంది ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. రాత్రిబండి గారూ టైమ్ సంగతి ఆయనకి చూపించా, వెంటనే లేచి బుకింగ్ తీసి చూసుకున్నారు, పేజ్ టైమే రాసుంది, బతికాం. హిల్లర్‌మన్ 'స్కిన్‌వాకర్స్' లైబ్రరీ యాప్ లో హోల్డ్ పెట్టేశా.

నాకు మాత్రం ఆబీ, చైల్డ్స్ మధ్య ఊగిసలాటగానే ఉంది. ఇంకోటి, కథలా ఉండేది, పాతకాలంది ఏమైనా ఉందా? అక్కడికి మొదట ఎవరెళ్లారు, ఎలా వెళ్లారు అలాంటిది. పాప సంగతి ఎవరూ చెప్పలేదు.

—

రాతిపొర:

ఉందండి, జాన్ వెస్లీ పావెల్. మీరు వెళ్లే ఆ చెరువు పేరు ఆయనదే, గ్లెన్ కాన్యన్ కి ఆ పేరు పెట్టిందీ ఆయనే. అమెరికా అంతర్యుద్ధంలో 1862లో షైలో దగ్గర కుడి చెయ్యి పోయింది, ఒంటి చేత్తో 1869 మే లో తనతో కలిపి పది మంది, నాలుగు పడవలతో గ్రీన్ రివర్ మీద బయల్దేరాడు, మ్యాపులో అప్పటికి ఖాళీగా ఉన్న చోట్లోకి. ఒకచోట కొండ ఎక్కుతూ ఒంటి చేత్తో రాతిని పట్టుకుని ఇరుక్కుపోతాడు, పైకీ పోలేడు, కిందికీ రాలేడు, కాళ్లు వణుకుతున్నాయి. పైనున్న బ్రాడ్లీ అనే అతని దగ్గర తాడు లేదు, ఏం చేస్తాడు, తన లోపలి పొడుగు డ్రాయర్ విప్పి కిందికి వదుల్తాడు, ఈయన ఉన్న ఆ ఒక్క చెయ్యీ రాతి మీంచి వదిలేసి దాన్ని అందుకోవాలి. అందుకుంటాడు. పాప దీనికి పడీ పడీ నవ్వుతుంది, గ్యారంటీ.

తిండి అయిపోవచ్చి, పిండి తడిసి ముద్దై, ఆఖరికి గ్రాండ్ కాన్యన్ చివర్లో ఒక భయంకరమైన రాపిడ్ (నది రాళ్ల మీంచి ఉరికే చోటు) దగ్గర ముగ్గురు ఇక మావల్ల కాదని పడవలు వదిలేసి కొండెక్కి వెళ్లిపోయారు. వాళ్లు మళ్లీ ఎవరికీ కనపడలేదు. మిగిలినవాళ్లు రెండు రోజుల్లో వర్జిన్ నది కలిసే చోటికి క్షేమంగా చేరుకున్నారు. ఆ వర్జిన్ నదే మీరు జయాన్ లో చెప్పులు విప్పి దిగే నది.

ఆయన సొంతంగా రాసిన 'ది ఎక్స్‌ప్లొరేషన్ ఆఫ్ ది కొలరాడో రివర్' ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ లో ఫ్రీ. డైరీలా తేదీల ప్రకారం ఉంటుంది. కాకపోతే 1871, 72ల్లో రెండోసారి వెళ్లినప్పటివి కూడా కొన్ని మొదటి ప్రయాణంలోనే కలిపేశాడు, చరిత్ర పరీక్ష రాయట్లేదు కదా, పర్లేదు. మధ్యలో రాళ్ల వర్ణన వచ్చిన చోట దాటేసి నది మీదున్న రోజులు చదవండి.

—

గవ్వలసంచి:

పాప కోసం నేను చెప్తా. బర్డ్ బేలర్ అనే ఆవిడ పుస్తకాలు చూడండి, పీటర్ పార్నల్ బొమ్మలు వేశాడు, సన్నటి గీతలు, పేజీ నిండా ఖాళీ, ఆ ఖాళీలోనే ఎడారి కనిపిస్తుంది. 'ఎవ్రీబడీ నీడ్స్ ఎ రాక్' (1974) లో మనకంటూ ఒక రాయి ఎలా వెతుక్కోవాలో పది రూల్స్ ఉంటాయి, ఎవరినీ అడగొద్దు, వంగి దాని కళ్లలోకి సూటిగా చూడు, వాసన చూడు, ఈ టైపులో. 'అయామ్ ఇన్ ఛార్జ్ ఆఫ్ సెలబ్రేషన్స్' (1986) ఇంకా బాగుంటుంది, ఎడారిలో ఉండే అమ్మాయి తనకి నచ్చిన క్షణాలకి తనే పండగలు పెట్టుకుని నోట్‌బుక్ లో రాసుకుంటుంది, ఒక ఏడాదిలో 108. మా అమ్మాయి ఆ పుస్తకం చూసి వెంటనే నోట్‌బుక్ అడిగింది.

ఒక్క జాగ్రత్త, మొదటి పుస్తకం చదివిన పిల్లలు జేబుల నిండా రాళ్లు నింపుతారు, నేషనల్ పార్కుల్లో ఒక్క గులకరాయి కూడా తీసుకెళ్లకూడదు. రాయి ఎంచుకో, వాసన చూడు, బొమ్మ గీసుకో, ఉన్న చోటే పెట్టేయ్ అని ముందే ఒప్పందం చేసుకోండి, లేకపోతే పార్కింగ్ లో ఏడుపు. నేల మీద నల్లగా, గరుగ్గా, బుడిపెలు బుడిపెలుగా ఉండే మట్టి కనిపిస్తే దాని మీద నడవొద్దని కూడా చెప్పండి, మోయాబ్ చుట్టూ ఎక్కువ, అది బతికున్న మట్టి, నాచు, లైకెన్, ఇంకా కంటికి కనపడని జీవులు కలిసి ఇసుకని పట్టి ఉంచుతాయి, ఒక్క అడుగు ముద్ర మానడానికి ఏళ్లు పడుతుంది. ప్రతి పార్కు విజిటర్ సెంటర్ లో జూనియర్ రేంజర్ బుక్‌లెట్ అడగండి, పిల్లలు అందులో పనులు పూర్తి చేస్తే రేంజర్ ప్రమాణం చేయించి బ్యాడ్జ్ ఇస్తారు. ఆ పుస్తకమే పాపకి అన్నిటికన్నా నచ్చొచ్చు, చెప్పలేం.

—

రాత్రిబండి:

డ్రాయర్ కథ నాకు తెలీదు, రాతిపొర గారూ ఇవాళే డౌన్లోడ్ చేస్తున్నా 😂

—

మేఘమాల:

సరే, ఫిక్స్ అయ్యా. నాకు చైల్డ్స్ ముందు, పావెల్ ఫ్రీ కాబట్టి ఫోన్ లో పక్కన పెట్టుకుంటా, ఆబీ మొత్తం కాదు, పాముల చాప్టర్, నది చాప్టర్, ఆ కార్ల తిట్లు. కుందేలు దాటేస్తా. ఆయనకి హిల్లర్‌మన్, అది నచ్చితే తిరిగొచ్చేటప్పుడు 'కోడ్ టాకర్'. పాపకి బేలర్ రెండూ. రోడ్‌సైడ్ జియాలజీ కారు డాష్‌బోర్డ్ మీద.

ఆడియో గురించి ఒక్క డౌట్, అక్కడ సిగ్నల్ ఉంటుందా స్ట్రీమ్ చేసుకోడానికి?

—

రాత్రిబండి:

నమ్ముకోవద్దు. పేజ్ దాటాక మాన్యుమెంట్ వ్యాలీ రోడ్డులో చాలా దూరం రాదు. వేగస్ హోటల్లో వైఫై ఉన్నప్పుడే పూర్తిగా డౌన్లోడ్ చేసి, ఫోన్ ఫ్లైట్ మోడ్ లో పెట్టి ప్లే అవుతుందో లేదో ఒకసారి చూసుకోండి. మ్యాపులు కూడా ఆఫ్‌లైన్ వి దించుకోండి. లైబ్రరీ లోన్ అయితే గడువు తేదీ ట్రిప్ మధ్యలో పడకుండా చూసుకోండి, హంతకుడు ఎవరో తెలిసే ముందు పుస్తకం మాయమైతే మీవారు ఊరుకోరు.